ఆరడుగుల సముద్రపు అక్వేరియం: నేల మట్టం నుంచి మొదటి చేప దాకా

ఒడిశాలోని బరంపురంలో మా ముందుగదిలో ఇప్పుడున్న ఆరడుగుల తొట్టికి ముందు నాలుగడుగుల తొట్టి ఒకటి ఉండేది. ఏడో నెలలో ఒక రాత్రి దాని వెనక మూల సిలికాన్ అతుకు విడిపోయింది. తెల్లవారి లేచేసరికి గదంతా ఉప్పునీళ్ళు, తొట్టిలో జానెడు నీళ్ళలో నాలుగు చేపలు. రెండు బతికాయి.

గాజు మంచిదే, అతుకులు కూడా మంచివే. తప్పు కింద జరిగింది. ముందుగది నేలకి వరండా వైపు వాటం ఉంది, కడిగిన నీళ్ళు పోవడానికి కట్టినప్పుడే పెట్టారు. ఆ వాటానికి వెనక మూల రెండు నూళ్ళు దిగిపోతే, అంటే పావు అంగుళం, గాజుకీ స్టాండుకీ మధ్య అట్టముక్క మడిచి పెట్టాను. అట్ట తడికి నాని అణిగిపోయింది. అడుగుగాజు ఆ మూల ఆనుకోవడానికి ఏమీ లేక, ఏడు నెలల పాటు మెలిక బిగువు మోసి మోసి చివరికి అతుకు వదిలేసింది. రెండోసారి పెట్టేటప్పుడు ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఇక్కడ పనిచేసే తాపీమేస్త్రి గారిని పిలిచాను. ఆయన తొట్టి వంక చూడనే లేదు, నేల మీద చతికిలబడి కూర్చున్నారు. "గాజు కింద ఏటీ ఎట్టకండి బాబూ. మట్టమంతా ఇనప కాళ్ళ కిందే సూసుకోవాల" అన్నారు. "అలాగే మేస్త్రిగారూ" అన్నాను. ఈ వ్యాసంలో సగం ఆ ఒక్క మాటకి వివరణే.

ముందు బరువు లెక్క వేయండి

180 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న తొట్టిని లెక్కకు తీసుకుందాం. అంచు దాకా నింపితే 648 లీటర్లు, మామూలుగా నింపే మట్టానికి సుమారు 600. సముద్రపు నీళ్ళు లీటరుకి 1.025 కిలోలు తూగుతాయి కాబట్టి నీళ్ళే 615 కిలోలు. 12 మి.మీ. గాజు చదరపు మీటరుకి 30 కిలోలు, అయిదు పలకలకీ కలిపి 120. ఇసుక 60, రాళ్ళు 40, ఇనుప స్టాండు 80, కింద సంప్, అంటే పై తొట్టి నీళ్ళు దిగి తిరిగి పైకి వెళ్ళే రెండో తొట్టి, నీళ్ళతో సహా 180. మొత్తం దాదాపు పదకొండు క్వింటాళ్ళు, అదీ ఒక చదరపు మీటరు చోటులో.

మన దేశంలో నివాస గదుల నేలలకు ఇంజనీర్లు లెక్కవేసే భారం చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. అది గది మొత్తానికి పరిచిన లెక్కే అనుకున్నా, మన తొట్టి నిలబడే చోట దానికి అయిదు రెట్లు పడుతుంది. కింది అంతస్తు అయితే నిశ్చింత. పై అంతస్తు కాంక్రీటు స్లాబు అయితే గోడ వారగా, బీము మీదుగా వచ్చేలా పెట్టాలి, అదీ స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూశాకే. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఇళ్ళలో చెక్క దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి కట్టిన మద్రాస్ టెర్రస్ మిద్దెలు మన గంజాం వైపు ఇంకా ఉన్నాయి. అలాంటి మిద్దె మీద ఈ తొట్టి పెట్టకండి, దీంట్లో రెండో మాట లేదు.

కింది అంతస్తులోనూ ఒక పరీక్ష ఉంది. రూపాయి బిళ్ళ తీసుకుని స్టాండు కాళ్ళు వచ్చే చోట ప్రతి టైలునూ నాలుగు మూలలా, మధ్యలో తట్టండి. గట్టిగా ఠంగుమంటే కింద సిమెంటు నిండుగా ఉన్నట్టు. డొల్లగా మోగితే ఆ టైలు తీయించి, మాలు నింపి మళ్ళీ వేయించండి. మా గదిలో ఆరు కాళ్ళకి రెండు డొల్ల టైళ్ళ మీద పడ్డాయి. బేస్‌మెంటు మట్టి పూడ్చి ఏడాదైనా కాని కొత్త ఇల్లయితే ఒక వర్షాకాలం ఆగండి, పూడిక దిగాల్సింది దిగిపోతుంది.

స్టాండు

50×50×3 మి.మీ. చదరపు ఇనుప పైపుతో, ఆరు కాళ్ళతో వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. మన గాలిలో ఉప్పుంది, తొట్టి నుంచి ఇంకొంచెం ఉప్పు చేరుతుంది. అందుకని వెల్డింగ్ మచ్చలు గీకించి, ఎపాక్సీ ప్రైమరు మీద రెండు పూతలు ఎపాక్సీ రంగు వేయించండి. పైపుల కొసలు తెరిచి వదలొద్దు, మూయించండి. తుప్పు లోపలి నుంచే మొదలవుతుంది. ప్రతి కాలి కిందా లెవెల్ బోల్టు, దాని కింద 100×100 మి.మీ. పలక, 6 మి.మీ. మందం. పలక లేకపోతే సుమారు రెండు క్వింటాళ్ళు ఒక బోల్టు మొన మీద నిలిచి టైలు పగులుతుంది.

స్టాండు పైన 19 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ వేయండి, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. దాని మీద 10 మి.మీ. ఫోము. ఇసుకరేణువంత గరుకు ఉన్నా ఫోము మింగేస్తుంది. మట్టం తేడాని మాత్రం ఫోము సరిచేయదు, ఆ భ్రమ వద్దు. చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము ఉండి అడుగుగాజు గాలిలో తేలి ఉండే తొట్లకు ఫోము వేయకూడదు, అది అడుగుగాజుని కింద నుంచి పైకి నెడుతుంది.

మట్టం చూడటం

వాలు వేరు, మెలిక వేరు. మొత్తం తొట్టి ఒకవైపుకి సమంగా వాలితే నీటి మట్టం వంకరగా కనిపిస్తుంది తప్ప గాజుకి పెద్ద ప్రమాదం లేదు. ఒక్క మూల మాత్రం దిగితే గాజు పలక మెలి తిరగబోతుంది. గాజు మెలి తిరగదు కాబట్టి ఆ బిగువంతా అతుకుల మీద పడుతుంది. నిండిన తొట్టి ముందుగాజు మీద నీళ్ళ తోపే దాదాపు 300 కిలోలు. దానికి మెలిక బిగువు తోడైతే సిలికాన్ ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది?

అడుగు పొడవు రసమట్టంతో ఈ పని చేయకండి. అడుగులో అర మి.మీ. పొరపడితే ఆరడుగులకి అది మూడు మి.మీ. అవుతుంది. నాలుగడుగుల రసమట్టం ఉంటే మంచిదే, కానీ ముందు దాన్ని నమ్మవచ్చో లేదో చూడండి: ఒక చోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట ఎడమ కొస కుడి వైపుకి వచ్చేలా తిప్పి పెట్టండి. బుడగ అదే గీత దగ్గర ఆగకపోతే పరికరమే తప్పు.

మేస్త్రుల లెవెల్ పైపు అంతకన్నా నమ్మకం. ఆరు మీటర్ల పారదర్శక గొట్టంలో రంగు కలిపిన నీళ్ళు పోసి, బుడగలన్నీ పోయేదాకా పైకెత్తి తట్టండి. ఒక్క బుడగ ఉన్నా కొలత తప్పుతుంది. ఒక కొసని గోడకి టేపుతో కట్టేయండి. రెండో కొసని స్టాండు నాలుగు మూలల దగ్గరకీ తీసుకెళ్ళి, నీళ్ళు నిలిచిన గీత నుంచి స్టాండు పై అంచు దాకా స్కేలుతో కొలిచి రాసుకోండి. కొలత ఎక్కువ వచ్చిన మూల కిందికి ఉన్నట్టు.

తరువాత ఎదురెదురు మూలల కొలతలు కూడండి. ముందు ఎడమ మూల 40 మి.మీ., ముందు కుడి 44, వెనక కుడి 46, వెనక ఎడమ 42 వచ్చాయనుకోండి. ముందు ఎడమ, వెనక కుడి కలిపి 86. ముందు కుడి, వెనక ఎడమ కలిపి 86. రెండు మొత్తాలూ సమానం, అంటే స్టాండు వాలి ఉంది గాని మెలికపడలేదు. అదే వెనక కుడి 43 వచ్చి ఉంటే 83కి 86, అంటే మూడు మి.మీ. మెలిక. ఆ స్టాండు మీద తొట్టి ఎక్కించకూడదు. నా లెక్కలో ఈ రెండు మొత్తాల మధ్య తేడా ఒక మి.మీ. దాటకూడదు. వాలు మాత్రం ఆరడుగుల పొడవున మూడు మి.మీ. దాకా ఒప్పుకుంటాను, ముందు వెనకల మధ్య ఒకటి చాలు.

మూలలు సరిపోయాక మధ్యభాగం చూడండి. పొడుగు అంచు వెంట నైలాన్ దారం బిగించి లాగి, దారానికీ ఇనుముకీ మధ్య సందు ఎక్కడైనా కనిపిస్తుందేమో కిందికి వంగి టార్చి వేసి చూడాలి. వెల్డింగ్ వేడికి పైపు మధ్యలో వంగడం మామూలే. సందు రెండు మి.మీ. ఉంటే స్టాండు షాపుకి తిరిగి పంపండి. వాళ్ళతో మొహమాటం పడకండి.

ఎత్తు సరిచేయడం బోల్టులతోనే. అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న మూలని కదపకుండా ఉంచి, మిగతావాటిని దాని మట్టానికి లేపండి. ఒక మూల తిప్పితే పక్క మూల మారుతుంది కాబట్టి ప్రతిసారీ నాలుగూ కొలవాలి. మాకు ఒక పూట పట్టింది. మధ్య కాళ్ళు బరువు మోస్తున్నాయో లేదో తెలియడానికి వార్తాపత్రిక చీలిక ఒకటి ప్రతి పలక కిందా దూర్చండి. లాగితే జారి వచ్చేస్తే ఆ కాలు గాల్లో ఉన్నట్టే. చిరిగేలా బిగుసుకుంటే సరి. చివరికి పలకలకీ నేలకీ మధ్య సందుల్లో కుంచించుకుపోని గ్రౌటు నింపి, ఆ సంచి మీద రాసినన్ని రోజులు ఆరనివ్వండి. చెక్కముక్కలు, అట్టలు, మడిచిన రబ్బరు ఏవీ వద్దు. తడికి చెక్క ఉబ్బుతుంది, అట్ట అణుగుతుంది, బరువుకి రబ్బరు నెమ్మదిగా పాకిపోతుంది.

మామూలు నీళ్ళతో మొదటి నింపుడు

కొత్తగా అతికిన తొట్టి అయితే సిలికాన్ పూర్తిగా ఆరాకే నీళ్ళు పోయండి, కనీసం వారం. మొదట కుళాయి నీళ్ళు చాలు. ఒక జానెడు నింపి రెండు గంటలు ఆగండి. నాలుగు మూలలా గాజు పై అంచు నుంచి నీటి మట్టం దాకా ఎంత దూరమో కొలిచి, గాజు మీద అతికించిన మాస్కింగ్ టేపు మీద పెన్సిలుతో రాయండి. తరువాత సగానికి, ముప్పావుకి, నిండుకి ఇలాగే. మూలల మధ్య తేడా ఒక దశ నుంచి మరో దశకి పెరుగుతుంటే కింద ఏదో దిగుతోందని అర్థం. నీళ్ళు పూర్తిగా తీసేసి అప్పుడు సరిచేయండి. నిండిన తొట్టి కింద జాకీ పెట్టి లేపాలని ఎవరు సలహా ఇచ్చినా వినకండి.

నిండాక రెండు రోజులు ఊరికే వదిలేయండి. అతుకుల వెంట కింద తెల్లకాగితం పరిస్తే చుక్క పడినా మచ్చ తెలుస్తుంది.

సంప్, పంపులు

మట్టం కుదిరితే ప్లంబింగ్ తేలిక. ఓవర్‌ఫ్లో అంచు మీదుగా నీళ్ళు పల్చని పొరలా సంప్‌లోకి జారతాయి, రిటర్న్ పంపు తిరిగి పైకి పంపుతుంది. తొట్టి ఒకవైపు వాలి ఉంటే ఓవర్‌ఫ్లో పళ్ళు సగమే పనిచేస్తాయి, నీటి మీది జిడ్డు అక్కడే తిరుగుతుంది.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు. పంపు ఆగగానే రిటర్న్ పైపు మూతి మునిగి ఉన్నంత లోతు దాకా నీళ్ళు వెనక్కి లాక్కుంటాయి. ఈ తొట్టిలో ఒక్క అంగుళం మట్టం దిగితే 27 లీటర్లు. పైపు మూతి అయిదు అంగుళాల లోతులో ఉంటే సంప్‌లోకి వచ్చేది 130 లీటర్ల పైనే, ఏ సంప్‌లోనూ అంత ఖాళీ ఉండదు. మూతిని నీటి మట్టానికి అంగుళం కిందే ఉంచి, మూడుసార్లు స్విచ్చి తీసి చూడండి. సంప్ ఎంతవరకు నిండిందో గీత గీసి, ఆ గీత దాటే అవకాశం లేకుండా మామూలు మట్టం నిర్ణయించుకోండి.

ప్లగ్గులన్నీ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) మీదుగా రావాలి. ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ఆ వంపులోంచి నేల మీద పడుతుంది.

నీళ్ళు, ఉప్పు, ఇసుక

గోపాల్‌పూర్ పక్కనే ఉందిగా, క్యాన్లతో సముద్రపు నీళ్ళు తెచ్చుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. నేను తేను. వానాకాలంలో, ఆ తరువాత కూడా నదుల నీళ్ళు కలిసి తీరం వెంట ఉప్పదనం బాగా పడిపోతుంది. ఊళ్ళ మురుగు సంగతి సరేసరి. ఇసుక కూడా వద్దు. ఒకసారి గుప్పెడు గోపాల్‌పూర్ ఇసుక కాగితం మీద పోసి బలమైన అయస్కాంతం తిప్పాను, నల్లటి రేణువులు గడ్డంలా వేలాడాయి. ఛత్రపూర్‌లో ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఈ తీరపు ఇసుకలోంచే ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ వేరు చేస్తుంది. గాజు తుడిచే అయస్కాంతానికి ఆ రేణువులు అంటుకుంటే గాజంతా గీతలు పడిపోతుంది. అరగొనైట్ ఇసుక కొనండి, అది కాల్షియం కార్బొనేటు.

నీళ్ళు ఆర్వోవి కావాలి, నీళ్ళలో కరిగిన లవణాలని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. వంటింటి ఆర్వోలో రుచి కోసం ఖనిజాలు కలిపే కాట్రిడ్జ్ ఉంటుంది, దాన్ని తప్పించి, చివర మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం తగిలించాలి. ఎక్కడా రాగి, ఇత్తడి అమరికలు ఉండకూడదు. రాగి లేశమున్నా వెన్నెముక లేని జీవాలు చస్తాయి.

సముద్రపు ఉప్పు పొడి లీటరుకి సుమారు 36 గ్రాములు, సంప్‌తో కలిపి 750 లీటర్లకి 27 కిలోలు. ఉప్పదనం వెయ్యికి 35 పాళ్ళు రావాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుని 35 పాళ్ళ ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి. మంచినీళ్ళతో సున్నాకి సరిచేస్తే పైన తప్పు చూపవచ్చు.

ముందు రాళ్ళు అడుగు మీద ఆనించి, తరువాత చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్ళు పెడితే, ఇసుక తవ్వే చేపలు కిందంతా తోడేసి గుట్టని కూలుస్తాయి.

ఆరు వారాల ఓపిక

చేపల వ్యర్థం నుంచి అమ్మోనియా, దాన్ని తినే బాక్టీరియా వల్ల నైట్రైటు, మరో రకం బాక్టీరియా వల్ల నైట్రేటు. ఈ బాక్టీరియా రాళ్ళ మీద కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. కొద్దిగా అమ్మోనియా చుక్కలు వేసి, ఒక రోజులో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అయ్యేదాకా పరీక్షించండి. తరువాత నీళ్ళు నిలిపి ఉంచాల్సిన చోట్లు: క్షారత 8 నుంచి 9 డీకేహెచ్ (క్షారత కొలిచే డిగ్రీలు), మిగతావి లీటరుకి మిల్లీగ్రాముల్లో, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350. నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1. ఈ రెండింటినీ పూర్తిగా సున్నా చేయాలని పోరాడకండి, పగడాలు ఆకలితో పాలిపోతాయి.

మన ఎండ, మన తుఫాను

తొట్టి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్యాను గాలితో నీళ్ళు ఆవిరై చల్లబడే ఉపాయం పొడి ఊళ్ళలో బాగా పనిచేస్తుంది, మన తీరపు ఉక్కలో సగమే. ఈ పరిమాణానికి మూడో వంతు హెచ్‌పీ చిల్లర్ పెట్టాను, దాని వేడి గాలి అల్మారాలోకి కాకుండా కిటికీ వైపు పోయేలా. రోజూ ఆవిరయ్యే నీళ్ళకి బదులు ఉప్పు లేని ఆర్వో నీళ్ళే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడూ ఇదే గతి. కరెంటు పోతే తొట్టిని చంపేది వేడి కన్నా ముందు ఆక్సిజన్ కొరత. వెచ్చటి ఉప్పునీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ కరుగుతుంది. అందుకే తొట్టిలో నీళ్ళని కదిలించే పంపు, అంటే వేవ్‌మేకరు, ఒక్కదాన్ని ఇన్వర్టరు మీద పెట్టండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ 40 వాట్ల పంపుని దాదాపు ఒక రోజు తిప్పుతుంది. దానికి తోడు కారు బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి ఉంచుకోండి. తుఫాను హెచ్చరిక రాగానే మేత ఆపేయండి, డ్రమ్ములో వంద లీటర్ల ఉప్పునీళ్ళు కలిపి పెట్టుకోండి.

ఏం పెంచవచ్చు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ షెడ్యూళ్ళలో దిబ్బ కట్టే రాతి పగడాలన్నీ ఉన్నాయి. నల్ల పగడం, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు, సముద్రగుర్రాలు కూడా. మన సముద్రం నుంచి తీసినవి, చచ్చిన పగడపు రాయి అయినా సరే, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎవరైనా చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. అరుదైన జీవాల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ పట్టికల్లోని విదేశీ జీవాలకి దిగుమతి కాగితాలు, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. మా తొట్టిలో సిరామిక్ రాళ్ళ మీద మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్ కోరల్ అనే మెత్తని పగడాలు పెరుగుతున్నాయి, అన్నిటికీ బిల్లులు ఫైలులో ఉన్నాయి. కొత్తవాళ్ళకి మెత్తని రకాలే మేలు కూడా. అవి నీళ్ళలో చిన్న తేడాలు తట్టుకుంటాయి.

మొదటి చేపగా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత అడగండి. వాటిని హేచరీలో పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) ఎన్నో ఏళ్ళ క్రితమే రూపొందించింది. దిబ్బల నుంచి పట్టిన చేప కన్నా ఇది తొట్టి మేతకి అలవాటుపడి ఉంటుంది. రెండు వారాల తరువాత ఒక మష్రూమ్ రాయి, ఇంకో నెలకి తరువాతిది.

టేపు మీద పెన్సిలు గీతలు చెరపకండి. మొదటి నెలంతా వారానికోసారి, తరువాత నెలకోసారి పంపులు ఆపి, నీళ్ళు నిలకడ అయ్యాక నాలుగు మూలలూ కొలిచి కొత్త అంకె పక్కన తేదీతో రాయండి. మట్టం మొత్తం మీద పెరిగినా తగ్గినా నాలుగు అంకెలూ ఒకేలా కదిలితే అది ఆవిరి, లేదా మీరు పోసిన నీళ్ళు. ఒక్క మూల అంకె మిగతా మూడింటినీ వదిలి కదిలితే చేపలని డ్రమ్ములోకి మార్చి, ఆ రోజే నీళ్ళు తీయడం మొదలుపెట్టండి.